ముద్రణ ఆగిపోయిన రోల్‌ప్లేయింగ్ గేములు: దొంగ స్కాన్లు కాకుండా అసలువి సంపాదించే దారులు

పాత టేబుల్‌టాప్ ఆర్‌పీజీ (టేబుల్ చుట్టూ కూర్చుని పాత్రలు వేసుకుని ఆడే రోల్‌ప్లేయింగ్ గేమ్) ఏదైనా ఆడాలనిపిస్తే మనలో చాలామంది చేసే మొదటి పని గూగుల్‌లో ఆ పేరు కొట్టి పక్కన పీడీఎఫ్ అని చేర్చడం. ఎవరో స్కాన్ చేసి పెట్టిన కాపీ అయితే వెంటనే తగులుతుంది. డబ్బులిచ్చి కొనుక్కుందామంటే మాత్రం ఎక్కడ కొనాలో, అసలు ఎవరైనా అమ్ముతున్నారో లేదో తెలియదు. ఐదో ఎడిషన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో మొదలుపెట్టి, ఎనభైల నాటి గేముల గురించి ఎక్కడో విని, ఇప్పుడు వాటికోసం తవ్వుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నా. హైదరాబాద్‌లో ఉన్నా డల్లాస్‌లో ఉన్నా వెతికే పద్ధతి ఒకటే, పుస్తకం ఇంటికి చేరే దారి మాత్రం మారుతుంది.

వెతకడానికి ముందు ఆ గేమ్ ఎందుకు ఆగిపోయిందో కనుక్కోండి. మిగతాదంతా దాన్నిబట్టే తేలుతుంది. హక్కులు ఇంకా కంపెనీ దగ్గరే ఉండి, అమ్మకాలు తగ్గాయని ముద్రణ ఆపేసి ఉంటే మీ పని సులువు, చాలావరకు పీడీఎఫ్ దొరుకుతుంది. గేమ్ ఒకరిది, అందులోని ప్రపంచం ఇంకొకరిది (సినిమా వాళ్లదో, కామిక్స్ కంపెనీదో, నవలా రచయిత వారసులదో) అయి, మధ్యలో లైసెన్స్ ముగిసిపోయి ఉంటే కొత్త కాపీ మీద ఆశ దాదాపు వదులుకోవాల్సిందే. ఇక కంపెనీయే మూతపడి, హక్కులు ఎవరికి పోయాయో ఎవరికీ తెలియని కేసులు మూడో రకం, వాటికి ఓపిక కావాలి.

ఒక అపోహ ముందే తీసేసుకుందాం. ముద్రణ ఆగిపోయింది కాబట్టి, ఎవరూ అమ్మట్లేదు కాబట్టి, అది ఇప్పుడు అందరిదీ అనుకుంటారు. కాదు. అమెరికా చట్టం ప్రకారం 1978 నుంచి కంపెనీల కోసం ఉద్యోగులు రాసిన పుస్తకాలకు సాధారణంగా ప్రచురించిన ఏడాది నుంచి 95 ఏళ్ల కాపీరైట్ ఉంటుంది. 1974లో వచ్చిన మొట్టమొదటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ కూడా ఇదే 95 ఏళ్ల లెక్కన 2070 జనవరి 1న గానీ పబ్లిక్ డొమైన్‌లోకి రాదు. అంటే ఈ హాబీ మొదలైనప్పటి నుంచి వచ్చిన పుస్తకాలు, యజమాని స్వయంగా వదిలేసినవి తప్ప, దాదాపు అన్నీ ఇంకా ఎవరో ఒకరివే. ఆ ఎవరో ఒకరు బతికున్నారా, పట్టించుకుంటున్నారా అన్నది వేరే సంగతి.

ముందు కాపీరైట్ పేజీ చదవండి

పుస్తకం చేతిలో ఉన్నా, ఎవరైనా ఫొటో పెట్టినా, మొదట చూడాల్సింది లోపలి పేజీలో సన్నక్షరాల్లో ఉండే కాపీరైట్ లైన్. అక్కడ ప్రచురించిన కంపెనీ పేరొక్కటే ఉంటే మొదటి రకం కేసు అయ్యే అవకాశం ఎక్కువ. ఇంకో కంపెనీ పేరు, దాని పక్కన ట్రేడ్‌మార్క్ గుర్తు, "లైసెన్స్ మీద వాడుతున్నాం" అనే అర్థం వచ్చే వాక్యం కనిపిస్తే అది రెండో రకం. ఇంతే, ఇందులో పెద్ద విద్యేమీ లేదు, కానీ చాలామంది ఈ ఒక్క పేజీ చూడకుండానే వారాల తరబడి లేని పీడీఎఫ్ కోసం వెతుకుతారు.

పుస్తకం దగ్గర లేకపోతే ఆర్‌పీజీగీక్ అనే సైటుకు వెళ్లండి. ఒక్కో గేముకు ఎన్ని ఎడిషన్లు వచ్చాయి, ఏది ఎప్పుడు ఎవరు వేశారు, సప్లిమెంట్లు (అనుబంధ పుస్తకాలు) ఏమిటి అన్నది అక్కడ దొరుకుతుంది. ఎడిషన్ సరిగ్గా తెలియడం చాలా ముఖ్యం, ఎందుకంటే ఒకే పేరు మీద నాలుగు వేర్వేరు కంపెనీలు, నాలుగు వేర్వేరు రూల్స్‌తో గేములు వేసిన సందర్భాలున్నాయి. స్టార్ ట్రెక్‌నే తీసుకోండి. 1982లో ఫాసా వేసింది, తర్వాత లాస్ట్ యూనికార్న్, ఆ తర్వాత డెసిఫర్, 2017 నుంచి మోడిఫియస్. "స్టార్ ట్రెక్ ఆర్‌పీజీ కావాలి" అని అడిగితే అమ్మేవాడు ఏదిస్తాడో వాడికే తెలియాలి.

సులువు కేసు: డీ అండ్ డీ పాత ఎడిషన్లు

టీఎస్ఆర్ అనే కంపెనీ వేసిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను (డీ అండ్ డీ) 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొనేసింది, విజార్డ్స్‌ను 1999లో హాస్‌బ్రో కొనేసింది. హక్కులన్నీ ఒకే చోట ఉన్నాయి కాబట్టి చిక్కు తక్కువ. పాత పుస్తకాల్లో చాలావాటిని డ్రైవ్‌త్రూఆర్‌పీజీ అనే సైటులో పీడీఎఫ్‌గా అమ్ముతున్నారు, ఎక్కువ వాటి ధర 5 నుంచి 10 డాలర్ల మధ్యే ఉంటుంది. కొన్నింటికి ప్రింట్ ఆన్ డిమాండ్ కూడా ఉంది, అంటే మీరు ఆర్డర్ పెట్టాక ఒక్క కాపీ అచ్చేసి పంపుతారు. అడ్వాన్స్‌డ్ డీ అండ్ డీ మొదటి ఎడిషన్ మూడు ప్రధాన పుస్తకాలు, 1991 నాటి రూల్స్ సైక్లోపీడియా ఇలా దొరికేవే.

ప్రింట్ ఆన్ డిమాండ్ కొనేముందు రెండు సంగతులు చూసుకోండి. పాత పుస్తకాన్ని స్కాన్ చేసి వేసేది కాబట్టి అక్షరాలు కొంచెం మసకగా ఉండొచ్చు. ప్రొడక్ట్ పేజీ కింద కొనుక్కున్నవాళ్లు రాసిన కామెంట్లలో స్కాన్ ఎలా ఉందో ఎవరో ఒకరు తిట్టుకునే ఉంటారు, అవి చదవండి. రెండోది, మడతపెట్టి ఇచ్చే పెద్ద మ్యాపులు ఇలాంటి కాపీల్లో మామూలు పేజీల సైజుకు ముక్కలై వస్తాయి. మాడ్యూల్ (ఆడటానికి సిద్ధంగా రాసిచ్చిన కథ పుస్తకం) కొనేది మ్యాపు కోసమే అయితే పీడీఎఫ్ తీసుకుని మ్యాపును దగ్గర్లోని ఫ్లెక్సీ షాపులో పెద్దగా ప్రింట్ తీయించుకోవడం నయం.

ఇంత సులువు కేసులోనూ కంతలున్నాయి. 1980లో వచ్చిన డీటీస్ అండ్ డెమిగాడ్స్ మొదటి ముద్రణల్లో వేరే రచయితల కథల్లోని కథుల్హూ, మెల్నిబొనే పురాణాల అధ్యాయాలుండేవి. హక్కుల గొడవ ఎందుకని తర్వాతి ముద్రణల్లో తీసేశారు. 144 పేజీల పుస్తకం 128 పేజీలయింది. సెకండ్ హ్యాండ్‌లో అది కొనేటప్పుడు కవర్ చూసి మోసపోకుండా పేజీలెన్ని అని అడగాలి, ఎందుకంటే ధరలో తేడా అంతా ఆ 16 పేజీలదే. అలాగే టీఎస్ఆరే వేసినా, మార్వెల్ సూపర్ హీరోస్, ఇండియానా జోన్స్ లాంటివి ఇప్పుడు అమ్మడానికి విజార్డ్స్‌కు వీల్లేదు, ఆ పాత్రలు దానివి కావు.

ఇండియానా జోన్స్ గేమ్‌ది సరదా కథ. 1984లో వచ్చింది, పెద్దగా ఆడలేదు. లైసెన్స్ ముగిశాక మిగిలిన కాపీల్ని ధ్వంసం చేయాల్సి వచ్చింది. టీఎస్ఆర్ బ్రిటన్ ఆఫీసు ఉద్యోగులు కాలగా మిగిలిన ముక్కల్ని పారదర్శకమైన ప్లాస్టిక్ పిరమిడ్‌లో బిగించి దాచుకున్నారు. పేరులో మొదటి అక్షరాలు కాలిపోయి "డయానా జోన్స్" అని మిగిలిందట, 2001 నుంచి గేమింగ్‌లో గొప్ప పనికి ఆ పేరుతోనే అవార్డు ఇస్తున్నారు. లైసెన్స్ ముగియడం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

కష్టమైన కేసు: వెస్ట్ ఎండ్ గేమ్స్ స్టార్ వార్స్

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఇందులో అన్ని రకాల చిక్కులూ ఉన్నాయి, ఇది అర్థమైతే మిగతా లైసెన్స్ గేములన్నీ అర్థమైనట్టే.

1987లో వెస్ట్ ఎండ్ గేమ్స్ స్టార్ వార్స్ ఆర్‌పీజీ వేసింది. రూల్స్ సింపుల్‌గా ఉండేవి, మామూలు ఆరు ముఖాల డైస్ గుప్పెడు వేసి కూడటమే. అప్పటికి సినిమాలు ఆగిపోయాయి, బొమ్మలూ అమ్ముడుపోవట్లేదు. ఆ ప్రపంచంలో ఏ జాతి పేరేమిటి, ఏ నౌక ఎంత వేగం అన్న వివరాలు పద్ధతిగా రాసిపెట్టింది ఈ గేమ్ పుస్తకాలే. 1991లో కొత్త నవలలు మొదలైనప్పుడు రచయిత తిమోతీ జాన్‌కు రిఫరెన్స్‌గా ఇవే పంపారు. అందుకే ఆడనివాళ్లు కూడా వీటిని కొని దాచుకుంటారు, అందుకే ధరలు దిగవు.

1998లో వెస్ట్ ఎండ్ దివాలా తీసింది. గేములు ఆడక కాదు, దానితో ముడిపడిన బూట్ల దిగుమతి వ్యాపారం మునిగి దీన్నీ ముంచింది. లైసెన్స్ పోయింది. తర్వాత ఆ లైసెన్స్ విజార్డ్స్‌కు వెళ్లింది, 2010లో వాళ్లూ వదిలేశారు, ఆ తర్వాత ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ తీసుకుంది. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, కొత్తగా లైసెన్స్ తీసుకున్న కంపెనీకి పాత కంపెనీ రాసిన పుస్తకాలు వాటంతటవే రావు. స్టార్ వార్స్ యజమాని లూకాస్‌ఫిల్మ్ ఒప్పుకుంటేనే పునర్ముద్రణ. ఒక్కసారి ఒప్పుకుంది కూడా, 2018లో ఫాంటసీ ఫ్లైట్ 30 ఏళ్ల సందర్భంగా 1987 నాటి రూల్‌బుక్కునూ సోర్స్‌బుక్కునూ (ఆ ప్రపంచం వివరాల పుస్తకం) గట్టి అట్టలతో ఒక సెట్‌గా వేసింది. ఆడేవాళ్లు ఎక్కువగా మెచ్చుకునే 1996 నాటి రివైజ్డ్ అండ్ ఎక్స్‌పాండెడ్ రెండో ఎడిషన్ అందులో లేదు, ఆ డజన్లకొద్దీ సప్లిమెంట్లూ లేవు.

పీడీఎఫ్ మాటే మర్చిపోండి. ఫాంటసీ ఫ్లైట్ తన సొంత స్టార్ వార్స్ రూల్‌బుక్కుల్నే పీడీఎఫ్‌గా అమ్మలేదు, పాతవి ఎక్కడ అమ్ముతారు. కాబట్టి ఈ గేమ్ పీడీఎఫ్ ఎవరైనా డబ్బులకు అమ్ముతుంటే అది దొంగ సరుకే, ఆలోచించక్కర్లేదు.

మరి ఆడాలంటే? రూల్స్ వేరు, ప్రపంచం వేరు అన్నది ఇక్కడే పనికొస్తుంది. ఆ ఆరు ముఖాల డైస్ రూల్స్ (డీ6 సిస్టమ్ అంటారు) రాసింది వెస్ట్ ఎండ్, అవి లూకాస్‌ఫిల్మ్‌వి కావు. 2004లో అదే రూల్స్‌తో డీ6 స్పేస్, డీ6 ఫాంటసీ, డీ6 అడ్వెంచర్ అని మూడు పుస్తకాలు వేశారు, తర్వాత ఆ సిస్టమ్‌ను ఓపెన్‌డీ6 పేరుతో ఓపెన్ గేమ్ లైసెన్స్ (రూల్స్‌ను ఎవరైనా వాడుకోనిచ్చే అనుమతి) కింద అందరికీ తెరిచేశారు. అదే కుటుంబంలో మినీ సిక్స్ అని చిన్న ఉచిత గేమ్ కూడా ఉంది. డీ6 స్పేస్ తీసుకుని, మీ టేబుల్ దగ్గర మీ ఫ్రెండ్స్‌తో జెడైలు పెట్టుకుని ఆడుకోండి, ఇంట్లో ఆడుకునే ఆట మీదికి ఎవరూ రారు. దాన్ని రాసి అమ్మాలనుకుంటే మాత్రం జెడై అన్న మాట తీసేయాలి.

మిగతావి త్వరగా

ఐరన్ క్రౌన్ ఎంటర్‌ప్రైజెస్ 1984లో వేసిన మిడిల్-ఎర్త్ రోల్ ప్లేయింగ్ (మెర్ప్ అంటారు) లైసెన్స్ 1999లో పోయింది. పాత పుస్తకాల్లోని మ్యాపుల కోసం జనం ఇప్పటికీ కొట్టుకుంటారు, చట్టబద్ధమైన పీడీఎఫ్ లేదు. దాని రూల్స్‌కు తల్లి లాంటి రోల్‌మాస్టర్ మాత్రం ఐరన్ క్రౌన్ సొంతం కాబట్టి డ్రైవ్‌త్రూలో దొరుకుతుంది, ఎగైనెస్ట్ ద డార్క్‌మాస్టర్ అని ఆ ఆట రుచిని కొత్తగా తెచ్చిన గేమూ ఉంది. మిడిల్-ఎర్తే ముఖ్యం, పాత రూల్స్ అక్కర్లేదు అనుకుంటే ఇప్పటి లైసెన్స్ ఫ్రీ లీగ్ దగ్గరుంది, ది వన్ రింగ్ రెండో ఎడిషన్ కొనుక్కోండి.

1983 నాటి జేమ్స్ బాండ్ 007 గేమ్‌ది కూడా ఇదే కథ, రూల్స్ కావాలంటే క్లాసిఫైడ్ అనే గేమ్ చూడండి. టీఎస్ఆర్ మార్వెల్ సూపర్ హీరోస్ రంగుల టేబుల్ పద్ధతి ఇష్టమైతే ఫోర్‌సీ సిస్టమ్.

వార్‌హామర్ ఫాంటసీ రోల్‌ప్లే మాత్రం దీనికి పూర్తిగా ఎదురు. 1986 నుంచి నాలుగైదు కంపెనీల చేతులు మారింది, అయినా హక్కులు ఎప్పుడూ గేమ్స్ వర్క్‌షాప్ దగ్గరే ఉన్నాయి, ఇప్పుడు లైసెన్స్ ఉన్న క్యూబికల్ 7 మొదటి, రెండో ఎడిషన్ల పీడీఎఫ్‌లు కూడా అమ్ముతోంది. అందుకే లైసెన్స్ గేమ్ అనగానే ఆశ వదిలేయకుండా, ఆ ప్రపంచం మీద ఇప్పుడు ఎవరు గేమ్ వేస్తున్నారో చూసి వాళ్ల స్టోర్‌లో "క్లాసిక్" అనో "లెగసీ" అనో విభాగం ఉందేమో వెతకండి.

యజమాని ఎవరో తెలియకపోతే

కంపెనీ మూతపడితే హక్కులు మాయమవ్వవు, ఎక్కడికో పోతాయి. చాలాసార్లు రచయితకే తిరిగి వస్తాయి. ట్రావెలర్ అనే గేమ్ వేసిన గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ కంపెనీ 1996లో మూతపడితే, ఆ గేమ్ హక్కులు దాన్ని తయారుచేసిన మార్క్ మిల్లర్‌కు వచ్చాయి, ఆయన ఫార్ ఫ్యూచర్ ఎంటర్‌ప్రైజెస్ పేరుతో పాత పుస్తకాలన్నీ స్కాన్ చేయించి సీడీల్లో అమ్మారు. ఒక్క సీడీలో ఒక ఎడిషన్ మొత్తం. ఇలాంటివాళ్లు ఇంకా ఉంటారు, పెద్ద స్టోర్లలో కనిపించకుండా సొంత సైటులో అమ్ముకుంటూ ఉంటారు, సైటు చూస్తే 2003 నాటిదిలా ఉంటుంది. భయపడి వెనక్కి రాకండి.

వెతికే క్రమం ఇలా పెట్టుకోండి. రచయిత పేరు పట్టుకుని ఆయనకిప్పుడు సైటుందా, ఎక్కడైనా పనిచేస్తున్నారా చూడండి. అమెరికా కాపీరైట్ ఆఫీసు రికార్డులు 1978 నుంచి ఆన్‌లైన్‌లో ఉచితంగా వెతకొచ్చు, అందులో రిజిస్ట్రేషన్లతో పాటు హక్కుల బదిలీ పత్రాలు కూడా నమోదై ఉంటాయి (రిజిస్టర్ చేసి ఉంటేనే, చిన్న కంపెనీలు చాలావరకు చేయించలేదు). మూతపడిన కంపెనీ సైటు, పాత వెబ్ పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో ఉంటే చివరి రోజుల్లో పెట్టిన ప్రకటనల్లో "ఫలానా లైన్ ఫలానా వాళ్లకు అమ్మేశాం" అని ఉండొచ్చు.

దొరికితే ఈమెయిల్ రాయండి. పొడవుగా వద్దు, చిన్నప్పటి నుంచి మీ గేమ్ అంటే ప్రాణం అని రెండు పేరాలు వద్దు. ఏ పుస్తకం, ఏ సంవత్సరం, మీకేం కావాలి (కొనాలా, స్కాన్ పెట్టడానికి అనుమతి కావాలా, అనువదించాలా), దాన్ని అమ్ముతారా ఉచితంగా ఇస్తారా, అంతే. ఒప్పుకుంటే ఆ మాట రాతపూర్వకంగా తీసుకోండి, ఈమెయిలైనా పర్వాలేదు. జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేసి వదిలేయండి. మౌనం అర్ధాంగీకారం అన్నది పెళ్లిచూపుల్లో చెల్లుతుందేమో, కాపీరైట్‌లో చెల్లదు.

పేరు విషయంలో ఇంకా జాగ్రత్త. ఎవరూ వాడట్లేదు కదా అని పాత గేమ్ పేరు తీసుకుని కొత్త గేమ్ వేస్తే ట్రేడ్‌మార్క్ గొడవలో పడతారు. టీఎస్ఆర్ పేరును మళ్లీ పెట్టుకున్న ఒక కొత్త కంపెనీ 1982 నాటి స్టార్ ఫ్రాంటియర్స్ పేరుతో గేమ్ తేబోతే 2022లో విజార్డ్స్ కోర్టుకెళ్లింది.

ఇక ఇంటర్నెట్ ఆర్కైవ్ సంగతి. అక్కడ పాత ఆర్‌పీజీల స్కాన్లు బోలెడున్నాయి, కానీ అక్కడ ఉండటమే అనుమతి కాదు, ఎవరైనా అప్‌లోడ్ చేయొచ్చు. పుస్తకాల స్కాన్లను అప్పివ్వడం మీద పెద్ద ప్రచురణకర్తలు వేసిన కేసులో ఆర్కైవ్ 2023లో ఓడిపోయింది, 2024లో అప్పీల్లోనూ ఓడింది. యజమానే ఉచితంగా పెట్టాడా అన్నది ఆ యజమాని సైటులో చూసి నిర్ధారించుకోండి. యజమాని లేని అనాథ గేముల స్కాన్లు లేకపోతే అవి పూర్తిగా మాయమైపోయేవి అన్న వాదనలో నిజముంది, కాదనను. కానీ పది డాలర్లకు అమ్ముతున్న పుస్తకాన్ని స్కాన్‌లో చదివి "సంరక్షణ" అనడం మాత్రం కొంచెం ఎక్కువే.

రూల్స్ ఎవరి సొత్తూ కాదు, రాసిన మాటలు సొత్తే

ఆట ఆడే పద్ధతికి అమెరికాలో కాపీరైట్ లేదు, ఆ పద్ధతిని వివరించిన వాక్యాలకూ బొమ్మలకూ ఉంటుంది. ఇరవై ముఖాల డైస్ వేసి ఇంత వస్తే తగిలినట్టు అన్నది ఎవరిదీ కాదు, దాన్ని వివరిస్తూ డీ అండ్ డీ సృష్టికర్తల్లో ఒకరైన గైగాక్స్ రాసిన పేరా మాత్రం ఒకరిది. ఈ తేడా మీదే రెట్రోక్లోన్లు పుట్టాయి. 2000లో విజార్డ్స్ ఇచ్చిన ఓపెన్ గేమ్ లైసెన్స్ ఆసరాతో పాత డీ అండ్ డీ రూల్స్‌ను కొత్త మాటల్లో తిరగరాసి 2006లో ఓస్రిక్, తర్వాత లాబిరింత్ లార్డ్, స్వోర్డ్స్ అండ్ విజార్డ్రీ వచ్చాయి. 1981 నాటి డీ అండ్ డీ బేసిక్ సెట్ తరహా కావాలంటే ఇప్పుడు చాలామంది వాడేది ఓల్డ్-స్కూల్ ఎసెన్షియల్స్. నా సలహా అడిగితే, ఆడటమే ముఖ్యమనుకునేవాళ్లు అసలు పాత పుస్తకం కోసం వెతకకుండా దీన్నే తీసుకోండి, పేజీలు ఎంత చక్కగా పేర్చారంటే ఆట మధ్యలో రూల్ వెతకడానికి తంటాలు ఉండవు. బేసిక్ ఫాంటసీ అయితే పీడీఎఫ్ పూర్తిగా ఉచితం, అచ్చు కాపీ కూడా దాదాపు ముద్రణ ఖర్చుకే ఇస్తారు.

2023 జనవరిలో విజార్డ్స్ ఆ పాత ఓపెన్ లైసెన్స్‌ను మార్చబోతే పెద్ద గొడవైంది, చివరికి వెనక్కి తగ్గి ఐదో ఎడిషన్ రూల్స్ సారమైన ఎస్ఆర్‌డీ 5.1ను క్రియేటివ్ కామన్స్ (చెప్పిన షరతులు పాటిస్తే ఎవరైనా వాడుకోగల లైసెన్స్) కింద పెట్టేసింది. ఇది మనకు నేరుగా పనికొచ్చే విషయం. ఎవరైనా తెలుగులో రూల్స్ రాయాలనుకుంటే, మామూలు పుస్తకమైతే అనువాదానికి యజమాని అనుమతి తప్పనిసరి. ఎస్ఆర్‌డీ 5.1ను మాత్రం ఎవరినీ అడగకుండా తెలుగులోకి తేవచ్చు, అమ్ముకోవచ్చు కూడా, వాళ్లు చెప్పిన క్రెడిట్ వాక్యం పెడితే చాలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అన్న పేరు, లోగో కవర్ మీద వేయకూడదు. బేసిక్ ఫాంటసీ నాలుగో ఎడిషన్, ఆర్స్ మాజికా ఐదో ఎడిషన్ కూడా క్రియేటివ్ కామన్స్‌లోనే ఉన్నాయి, కాకపోతే వాటి షరతు ప్రకారం మీ అనువాదాన్ని కూడా అదే లైసెన్స్ కింద వదలాలి.

కొనడం, తెప్పించుకోవడం

ఆనాటి అచ్చు పుస్తకమే కావాలంటే సెకండ్ హ్యాండ్ తప్ప దారి లేదు. ఆబిడ్స్ ఆదివారం బజార్లో ఇలాంటివి తగులుతాయని ఆశపెట్టుకోకండి. అమెరికాలో నోబుల్ నైట్ గేమ్స్ అని పాత గేముల పెద్ద స్టోర్ ఉంది, కాపీ ఏ స్థితిలో ఉందో గ్రేడ్ ఇచ్చి అమ్ముతారు. ఈబేలో ధర తక్కువకు దొరకొచ్చు, కానీ అన్నీ మీరే అడిగి తేల్చుకోవాలి. బాక్స్ సెట్ అయితే లోపల ఏమేం ఉండాలో ఆర్‌పీజీగీక్‌లో చూసి జాబితా పంపించి ఒక్కొక్కటీ ఉందా అని అడగండి. మ్యాపులు, అట్టముక్కల కౌంటర్లు పోయి ఉండటం మామూలే. "కంప్లీట్" అన్న ఒక్క మాటను నమ్మొద్దు, అన్నీ పరిచి తీసిన ఫొటో అడగండి. అమ్ముతున్నది పాత ముద్రణా లేక ఈమధ్య తీయించిన ప్రింట్ ఆన్ డిమాండ్ కాపీనా అన్నది కూడా సూటిగా అడగాలి, రెండోదాన్ని మొదటిదాని రేటుకు అంటగట్టేవాళ్లు ఉంటారు. ధర చూసేటప్పుడు ఈబేలో ఇప్పుడు అడుగుతున్న రేట్లు కాదు, అమ్ముడైపోయిన వాటి ఫిల్టర్ పెట్టి చూడండి, అసలు బేరం అక్కడ తెలుస్తుంది.

ఇండియాకు నేరుగా తెప్పిస్తే పోస్టేజీ ఒక్కోసారి పుస్తకం రేటును దాటిపోతుంది. దిగుమతి పుస్తకాల మీద 2019 బడ్జెట్‌లో 5 శాతం కస్టమ్స్ సుంకం పెట్టారు, ఆర్డర్ చేసే ముందు ఇప్పటి రేటు చూసుకోండి. డైస్, బొమ్మలు ఉన్న బాక్సును పుస్తకంగా లెక్కించకపోతే సుంకం ఇంకా పెరగొచ్చు, కాబట్టి అమ్మేవాడిని ప్యాకెట్ మీద లోపలున్నది ఏమిటో స్పష్టంగా రాయమనండి. మనవాళ్లకు అందరికంటే చవకైన దారి ఎలాగూ ఉంది. న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో ఉన్న అన్నయ్య, వదిన అడ్రసుకు పంపించి, వాళ్లు వచ్చేటప్పుడు సూట్‌కేసులో తెప్పించుకోవడం. ఇక్కణ్నుంచి ఆవకాయ, పొడులు మోసుకెళ్లిన పెట్టెలో వచ్చేటప్పుడు రెండు హార్డ్‌బౌండ్లకు చోటుంటుంది, ముందే బరువు చెప్పండి చాలు.

పీడీఎఫ్ కొనడానికి కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసుకోవాలి. ఆర్‌బీఐ నిబంధన వల్ల మన కార్డుల్లో అది మొదట్లో ఆఫ్‌లోనే ఉంటుంది, పేమెంట్ ఫెయిలైందని సైటును తిట్టుకునే ముందు బ్యాంకు యాప్ చూడండి. తొందరేం లేకపోతే బండిల్ ఆఫ్ హోల్డింగ్ అనే సైటు మీద కన్నేసి ఉంచండి, పాత గేముల లైన్లను మొత్తంగా కట్టగట్టి కొద్ది రోజులపాటు తక్కువ ధరకు ఇస్తుంటారు, విడివిడిగా కొంటే అయ్యేదాంట్లో చిన్న భాగానికే వస్తాయి.

కొన్న రోజే ఫైల్ డౌన్‌లోడ్ చేసి రెండు చోట్ల దాచుకోండి. "నా లైబ్రరీలో ఉంది కదా, కావాల్సినప్పుడు తీసుకుందాం" అనుకోవద్దు. 2009 ఏప్రిల్‌లో విజార్డ్స్ పైరసీ కారణం చెప్పి తన పీడీఎఫ్‌లన్నీ ఒక్కసారిగా అమ్మకం నుంచి తీసేయించింది, అప్పటికే డబ్బులు కట్టి కొన్నవాళ్లకు కూడా మళ్లీ డౌన్‌లోడ్ చేసుకునే వీలు ఒకట్రెండు రోజుల్లోనే పోయింది. పాత ఎడిషన్ల పీడీఎఫ్‌లు తిరిగి అమ్మకానికి వచ్చింది 2013లో. అదే 2013 ఏప్రిల్‌లో మార్వెల్ హీరోయిక్ రోల్‌ప్లేయింగ్ లైసెన్స్ పోయింది, గేమ్ వచ్చి ఏడాదే అయింది, కొద్ది రోజుల గడువిచ్చి అన్నీ తీసేశారు. లైసెన్స్ మీద నడిచే గేమ్ ఏదైనా ఇప్పుడు అమ్మకానికుంటే, ఎప్పటికైనా ఆడతాననిపిస్తే, ముద్రణ ఆగేదాకా చూడకుండా ఇప్పుడే కొని పెట్టుకోండి. డ్రైవ్‌త్రూ ఫైళ్లలో చాలావాటి మీద కొన్నవాళ్ల పేరు, ఆర్డర్ నంబర్ వాటర్‌మార్క్‌గా ఉంటాయి, కాబట్టి వాట్సాప్ గ్రూపులో పడేసే ముందు అది మీ పేరుతోనే తిరుగుతుందని గుర్తుంచుకోండి. ఆటగాళ్లకు కావాల్సింది క్యారెక్టర్ షీట్ ఒక్కటే, దాన్ని సొంత వాడకానికి జిరాక్స్ తీసుకోవచ్చని చాలా పాత పుస్తకాలు ఆ పేజీ మీదే రాసి ఇచ్చాయి.